చెప్పి తీసుకురండి

నేను చేసిన తెలివితక్కువ పనుల్లో చాలావాటికి సాక్ష్యం మిగల్లేదు. దీనికి మిగిలింది. ఒక రూళ్ళ కాగితం, నాలుగు మూలలా పసుపు, మధ్యలో నా దస్తూరీ: “ముప్ఫై ఆరు గుణాలకు ముప్ఫై ఒకటి. సంబంధం దివ్యంగా ఉంది.” ‘దివ్యంగా’ కింద గీత కూడా గీశాను. ముప్ఫై ఏళ్ళు ఏలూరులో పిల్లల తెలుగు పేపర్ల మీద గీతలు గీసిన చెయ్యి కదా, ఎక్కడ ఆగాలో దానికి తెలియదు.

ఆ కాగితాన్ని పెళ్ళికూతురు ఇరవై రెండేళ్ళు దాచింది. కిందటి శ్రావణంలో ఆమె పోయింది. గంజి వార్చి, గిన్నె కింద పెట్టి, ఆ పక్కనే కూర్చుని పోయింది. గుండె. నలభై ఆరేళ్ళు. తర్వాత బీరువా సర్దుతూ వాళ్ళ అక్కగారు ఈ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు.

“మీదేనటండీ. మీకిచ్చెయ్యమని ఎప్పుడూ అంటూండేది.”

తిరగేసి చూస్తే వెనకాల పెన్సిలుతో మందుల వేళలు రాసి ఉన్నాయి. ఒక వైపు గుణాలు, రెండో వైపు మాత్రలు. కాగితాన్ని ఇంత పూర్తిగా వాడుకున్న మనిషిని నేను చూడలేదు.

ఆమె పేరు రాయను. రాస్తే ఇంటిపేరు తెలుస్తుంది. ఆ ఇంటిపేరుతో పెళ్ళి కావలసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆమె నా దగ్గర తీసుకున్న మాట కూడా వాళ్ళ గురించే. తనలాగా ఇంకో పిల్లని, ఏమీ చెప్పకుండా, ఆ ఇంట్లోకి తీసుకురావద్దని. ఆ మాట నిలబెట్టుకోవలసిన రోజు పోయిన నెల వచ్చింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

జాతకాలు చూడటం నాకు వృత్తి కాదు, దురలవాటు. కొందరికి పేకాట ఉంటుంది, నాకు పంచాంగం. ఆమె తండ్రి మా స్కూల్లోనే లెక్కల మాస్టారు. స్టాఫ్ రూములో నా ఎదుటి కుర్చీ ఆయనది. “ఎన్ని లెక్కలొచ్చినా ఈ లెక్క నాకు రాదోయ్, నువ్వు చూడు,” అని రెండు జాతకాలు నా ముందు పెట్టాడు. నేను కాగితం మీద చూసి ఊరుకోలేదు. కొల్లేటి అంచున, కైకలూరు దాటాక ఉన్న ఆ ఊరికి స్వయంగా వెళ్ళాను. పిల్లవాడి తండ్రి పక్కన అరుగు మీద ఒక పూట కూర్చున్నాను.

ఆయన ఆ చుట్టుపక్కల పేరున్న పురోహితులు. అప్పటికి అరవై దాటాయి. కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద తిరుగుతూనే ఉండేది. మాట్లాడుతున్నా, వింటున్నా, విస్తరి ముందు కూర్చున్నా సరే. జపం. నిద్రపోయినప్పుడు మాత్రం ఆగుతుందని వాళ్ళింట్లో చెప్పారు. నేను దణ్ణం పెట్టినంత పని చేశాను. ఎవరైనా ఆ చేతివంక చూస్తే ఆయన నవ్వి ఉత్తరీయం కింద దాచుకునేవారు. అది వినయం అనుకున్నాం. చెరువుల్లో చేపపిల్లలు వదిలేటప్పుడు రైతులు ఆయన కోసం మోటారుసైకిలు పంపేవారు. చేప ముట్టని ఆ మనిషి గట్టు మీద నిలబడి నాలుగు అక్షింతలు చల్లేవారు. ఆ చెయ్యి అక్షింతల్ని వద్దన్నా చల్లేది. జపం చేసిన చెయ్యి తగిలితే చేప బరువెక్కుతుందని అక్కడ నమ్మకం.

తిరిగొచ్చి నా స్నేహితుడితో నేనన్న మాట ఇది: “నీ వియ్యంకుడు ఇరవై నాలుగ్గంటలూ జపంలో ఉంటాడోయ్. అటువంటి ఇంట్లో పిల్ల అడుగు పెట్టాలంటే రాసి పెట్టి ఉండాలి.”

రాసి పెట్టే ఉంది. ఎక్కడ రాసి ఉందో మాత్రం మాకు తెలియలేదు. పుట్టబోయే పిల్లల ఆరోగ్యం చూసే నాడీ కూటమికి ఎనిమిదికి ఎనిమిది వేశాను. పరీక్ష పేపర్లలో అంత ఉదారంగా నేనెప్పుడూ మార్కులు వేయలేదు.

*

నవ్వు వస్తే అందరూ నోరు మూసుకుంటారు. ఆ అమ్మాయి కళ్ళు మూసుకునేది. అరచేయి కళ్ళకి అడ్డం పెట్టుకుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వేది. నవ్వించిన పాపం నాదే ఎక్కువసార్లు. భర్త ఏలూరులో ఒక ఆఫీసులో గుమాస్తా. మా ఇంటికి రెండు వీధుల అవతల కాపురం. కాబట్టి పండక్కీ పబ్బానికీ, తర్వాత తర్వాత ఏమీ లేకపోయినా, వెళ్ళేవాణ్ణి.

ఆమెకి ఒక ఊతపదం ఉంది, ‘ఊరికే’. ఏం చేస్తున్నావమ్మా అంటే ఊరికే అండీ అనేది, చేతుల్లో నాలుగు పనులు పెట్టుకుని. ఎందుకు కళ్ళు ఎర్రగా ఉన్నాయంటే ఊరికే అండీ.

పదేళ్ళు బాగానే ఉన్నారు. అత్తగారు పోయాక మామగారు ఈ ఇంటికే వచ్చేశారు. జపం వేళ్ళ నుంచి భుజానికి ఎక్కింది, నడక కొంచెం తూలేది, మాట కొంచెం తడబడేది. డెబ్భై ఏళ్ళు కదా అనుకున్నాం. డెబ్భై నాలుగేళ్ళకి, మంచినీళ్ళు పొరపడి, దగ్గుతూ దగ్గుతూ పోయారు. వాళ్ళ ఊళ్ళో బజారు మూశారు. జపసిద్ధి పొందారన్నారు. సంతాపసభలో ఆ మాట అన్నది నేనే.

అప్పటికే కొడుకు మొదలుపెట్టాడు. ముప్ఫై ఎనిమిదో ఏట గ్లాసులు జారవిడవడంతో మొదలైంది. భుజం ఎగరడం, కనుబొమలు ఉన్నట్టుండి పైకి పోవడం, కుర్చీలో కూర్చుంటే కాలు ఎవర్నో తన్నబోయి ఆగినట్టు లేవడం. దాంతోపాటు కోపం. చీమకి అపకారం చెయ్యని మనిషి కంచం గోడకేసి కొట్టాడు. ఆఫీసులో తాగుతున్నాడన్నారు. పక్క సీటాయన దగ్గరగా వచ్చి ఊపిరి వాసన చూశాట్ట.

“ఏం వాసన వచ్చిందిటమ్మా?” అన్నాను.

“ఇంగువండీ,” అంది కళ్ళు మూసుకుని.

ఇంకో నాలుగేళ్ళకి కూతురు. పాపకి పన్నెండేళ్ళు. తండ్రి ఒళ్ళు ఆగటం లేదు, పాప ఒళ్ళు కదలటం లేదు. మెట్లెక్కాలంటే నిలబడి ఆలోచించేది. చేతిరాత రోజురోజుకీ చిన్నదై, ఇరుకై, చివరికి చీమల బారైంది. బళ్ళో బద్ధకం అన్నారు. సాయంత్రాలు తెలుగు చెప్పడానికి నా దగ్గరికి పంపితే నేనేం చేశాను? “వేగం పెంచమ్మా, వేగం,” అని టేబులు మీద స్కేలుతో తాళం వేశాను. పాప నావంక చూసి, చాలాసేపటికి, “పెంచు...తు...న్నానండీ,” అంది.

ఆ రోజుల్లోనే ఒకసారి పాప తల్లితో హాస్యమాడాను. “మీ ఆయన ఆగలేరు, పాప కదల్లేదు. ఇద్దర్నీ కలిపి చెరి సగం చేస్తే ఇద్దరు మామూలు మనుషులు తయారవుతారమ్మా.”

ఆమె నవ్వింది. కళ్ళు మూసుకోలేదు. నన్నే చూస్తూ నవ్వింది. ఆ నవ్వు తర్వాత నేను హాస్యాలు తగ్గించుకోవలసింది. తగ్గించుకోలేదు.

*

పాపకి మూర్ఛలు మొదలయ్యాక విజయవాడ పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. మీకు ఇంగ్లీషు తెలుసు కదా రమ్మంది పాప తల్లి. డాక్టరుగారు చక్కటి తెలుగు మాట్లాడారు, నా ఇంగ్లీషు అక్కర్లేకపోయింది. ఆయన పాపని పరీక్ష చేస్తూ చేస్తూ మధ్యలో ఆగి, గోడవారగా కుర్చీలో కూర్చున్న తండ్రివంక చూడసాగారు. రెండు నిమిషాలు అలాగే చూశారు.

“మీరొకసారి నాలుక బయటపెట్టండి. పెట్టి అలాగే ఉంచండి.”

పెట్టాడు. ఉంచలేకపోయాడు. నాలుక పుట్టలోకి పాములా లోపలికి పోవడం, మళ్ళీ బయటికి రావడం. మేం వచ్చింది పాప కోసం కదా, ఈయన నాలుకతో డాక్టరుగారికేం పని అని నాకు చిరాకేసింది.

“మీ నాన్నగారికి ఇలా ఏమైనా ఉండేదా?”

భర్త జవాబు వెతుక్కుంటున్నాడు. ఆమె అందుకుంది. “లేదండీ. మామగారు జపం చేసుకునేవారు.”

డాక్టరుగారు తల ఎత్తారు. “నోటితోనా, చేత్తోనా అమ్మా?”

ఆమె తన కుడిచెయ్యి ఎత్తి, బొటనవేలు కణుపుల మీద తిప్పి చూపించింది. తిప్పుతూ తిప్పుతూ ఆపేసింది. డాక్టరుగారివంక చూడలేదు, భర్తవంక చూడలేదు. నావంక చూసింది. నేను ఆ గది గోడ మీది క్యాలెండరు మొత్తం చదివాను.

రక్తపరీక్షలు వచ్చాక ఆయన విడమరిచి చెప్పారు. దాన్ని హంటింగ్టన్ జబ్బంటారుట. నరాల్ని మెదడు లోపల్నుంచి తినేసే జబ్బు, తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి బిడ్డకి దిగుతుంది. ప్రతి బిడ్డకీ సగం సగం అవకాశం, బొమ్మా బొరుసూ. ఒంట్లో ఒకచోట ఒకే మాట మళ్ళీ మళ్ళీ రాసి ఉంటుందట, నిద్రమత్తులో ఎత్తిరాసిన గుమాస్తా ఒకే మాటని పదే పదే రాసినట్టు. ఎంత ఎక్కువసార్లు రాసి ఉంటే అంత చిన్న వయసులో బయటపడుతుంది. తండ్రి నుంచి దిగేటప్పుడు ఆ రాత ఒక్కోసారి ఇంకా పొడుగవుతుంది.

“అయితే ముగ్గురిదీ ఒకటేనాండీ?” అన్నాను. “ముగ్గురూ మూడు రకాలుగా ఉన్నారు కదా.”

“వయసు తేడా అండీ అది. పెద్దతనంలో వస్తే వేళ్ళూ నడకా, నెమ్మదిగా. నడివయసులో వస్తే ఒళ్ళంతా ఆడుతుంది, మనసు చికాకు పడుతుంది. చిన్నతనంలో వస్తే ఆడదు, బిగుసుకుంటుంది, ఫిట్సు వస్తాయి. చూసేవాళ్ళకి మూడు జబ్బుల్లా ఉంటాయి.”

ఆ ఇంట్లో జబ్బు తాత నుంచి మనవరాలికి దిగింది. దాని పేరు మాత్రం మనవరాలి నుంచి పైకి ఎక్కింది. ముందు పాపకి తెలిసింది, తర్వాత తండ్రికి, ఆఖర్న పోయిన రెండేళ్ళకి తాతగారికి. ఆ రోజు రైల్లో ఏలూరు వచ్చేదాకా ఆమె ఒకే ఒక్క మాట అంది.

“మీ తప్పు కాదులెండి మాస్టారూ. ఆ చెయ్యి చూస్తే ఎవరైనా జపమే అనుకుంటారు. నేనూ పొద్దున్నే లేచి ఆ చేతికి దణ్ణం పెట్టుకునేదాన్ని.”

*

తర్వాత ఆ జబ్బుని ఆమె ‘దొరగారు’ అనేది. దొర పేరు కదా మరి. దొరగారు ఇవాళ తొందరగా లేచారు, దొరగారికి ఇవాళ కోపంగా ఉంది, అనేది. ఆయన గోడ పట్టుకుని నడవడానికి ఇంట్లో సామానంతా గోడల నుంచి మూరెడు దూరం జరిగింది. బల్లల మూలలకి పాత దుప్పట్లు కుట్టింది. ఒక జబ్బుకి రెండు వంటలు చేసేది. ఒళ్ళు ఒక్క క్షణం ఆగని మనిషికి ఎంత తిన్నా చాలదు. నేను ఒకసారి ఆయన ముద్దలవంక కొంచెం ఆశ్చర్యంగా చూస్తే, “అలా చూడకండి మాస్టారూ. ఆ ఒళ్ళు కూర్చునే రోజూ ఎకరం పొలం దున్నుతోంది,” అంది. పాపకి మాత్రం అన్నం మెత్తగా మెదిపి, అర చెంచా చొప్పున.

సర్టిఫికెట్టు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే రోజుల్లో, దివ్యాంగుల కార్డు చేతికి వచ్చాక, నాకు చూపించింది. “మీరు రాసిందేనండీ మాస్టారూ. వీళ్ళు ఒక్క దీర్ఘం కలిపారంతే.” ఆ చురక నాకు తగలవలసిన చోటే తగిలింది. ఆమె మాత్రం కళ్ళు మూసుకుని చాలాసేపు నవ్వింది.

డాక్టరుగారు దగ్గర బంధువులకి చెప్పమన్నారని, తణుకులో ఉన్న బావగారింటికి వెళ్ళాం, ఆమె, నేను. బావగారంటే ఆమె భర్తకి అన్నగారు. ఆయనకి ఒక్కడే కొడుకు, అప్పుడు కాలేజీలో ఉన్నాడు. ఆమె చెప్పిందంతా ఆయన శ్రద్ధగా విన్నారు. కాఫీలిచ్చారు. తర్వాత చాలా మెత్తగా మాట్లాడారు.

“చూడమ్మా, నాన్నగారిది పెద్దతనం. తమ్ముడిది నరాల వీక్‌నెస్సు, ఆఫీసు టెన్షను. పాపది వేరే ఏదో, పోలియో లాంటిది. మూడూ మూడు. ముగ్గురిలో ఏ ఇద్దరైనా ఒకలా ఉన్నారా చెప్పు. నేను యాభై దాటాను, నాకేమైనా ఉందా?”

“లేదండీ బావగారూ. ఉండకూడదనే మొక్కుకుంటున్నాను. కానీ అబ్బాయికి చెబితే, పెద్దయ్యాక పరీక్ష చేయించుకోవాలో వద్దో వాడే...”

“నాన్నగారి జపాన్ని జబ్బంటావా అమ్మా?”

అప్పుడాయన గొంతు మెత్తగా లేదు. ఆమె తల దించుకుంది. మాట్లాడవలసింది నేను. ఆ జపానికి ఊరూరా ప్రచారం చేసింది నేను, సంతాపసభలో సిద్ధి అన్నది నేను. కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత బావగారు ఆ గుమ్మం తొక్కడం మానేశారు.

*

ఒక ఆదివారం కైకలూరు నుంచి వస్తూ బస్సెక్కితే, వెనక సీట్లో ఆమె, భర్త. ఆయన కిటికీ పక్క, ఈమె ఇటు పక్క, మధ్యలో గొడుగు.

“ఎక్కడికెళ్ళొస్తున్నారమ్మా?”

“ఎక్కడికీ లేదండీ. ఊరికే.”

“ఊరికే బస్సెక్కడమేమిటి?”

“ఊగడానికండీ.”

నాకు అర్థం కాలేదు. అప్పట్లో ఆ రోడ్డు గోతులమయం. బస్సు ఒక గోతిలో దిగి లేచింది. నేను ముందు సీటు కమ్మీ పట్టుకున్నాను. కండక్టరు టికెట్ల పెట్టెతో సహా ఎవరి ఒళ్ళోనో పడబోయాడు. పిల్లా మేకా అందరూ ఎగిరి పడ్డారు. అప్పుడామె నా వైపు వంగి చెప్పింది.

“చూశారా మాస్టారూ, అందరూ ఊగుతున్నారు. ఇందులో కూర్చుంటే మా ఆయన్ని ఎవరూ చూడరండీ. రాను గంటా, పోను గంటా మామూలు మనిషి. ఆదివారం పాపని అక్కకి అప్పచెప్పి, ఊరికే ఎక్కి దిగుతాం.”

ఆయన నావంక చూసి నవ్వాడు. నిజమే, ఆ బస్సులో ఆయన నవ్వు కూడా మామూలుగానే ఉంది. కొల్లేటి వంతెన మీదికి వచ్చాక బస్సు నెమ్మదించింది. దూరంగా గూడబాతులు నీళ్ళ మీద తెల్లగా, కదలకుండా ఉన్నాయి. ఆయన వేలు పెట్టి చూపించబోయాడు, చెయ్యి వేరే వైపు వెళ్ళింది. ఆమె ఆ వేరే వైపే చూసి, “అవునండీ, బాగున్నాయి,” అంది.

కాసేపటికి, ఆయన కునుకు తీశాక, నాతో అంది. “చెప్పి ఉంటే నేను ఈ పెళ్ళి చేసుకునేదాన్ని కాదని అనుకోకండి మాస్టారూ. చేసుకునేదాన్నేమో. ఈయన మంచివారు. నన్నెవరూ అడగలేదు, అంతే. వాళ్ళకీ తెలియదు కాబట్టి తప్పు లేదు. కానీ ఇప్పుడు తెలిసింది కదా. మా బావగారు అబ్బాయికి సంబంధం చూసినప్పుడు జాతకాలు పట్టుకుని మీ దగ్గరికే వస్తారు. మీ మీద అంత గురి ఆయనకి. అప్పుడు మళ్ళీ ఒక పిల్లని చెప్పకుండా తీసుకురాకండి. చెప్పి తీసుకురండి. వస్తే రానివ్వండి.”

అలాగేనమ్మా అన్నాను. బళ్ళో పిల్లలు అంటారే, అలా.

రోడ్డు తర్వాత బాగుచేశారు. వారం తిరక్కుండా ఆమె మా ఇంటికొచ్చి చెప్పింది. “రోడ్డు వేసేశారండీ మాస్టారూ. నున్నగా వేశారు. ఇప్పుడు బస్సులో ఆయనొక్కరే ఊగుతున్నారు.”

ఆదివారాలు మానేశారు. ఆ మరుసటేడు ఆయన పోయారు, నలభై ఎనిమిదేళ్ళకి. ఇంకో రెండేళ్ళకి ఈమె. రెండుసార్లూ బావగారు వచ్చారు. రెండుసార్లూ వీధి వరండాలో కూర్చుని వెళ్ళారు. పాప ఉన్న లోపలి గదిలోకి వెళ్ళలేదు.

*

పోయిన నెల ఆయన మా ఇంటికి వచ్చారు. చేతిలో రెండు జాతకాలు.

“మావాడికి ఇరవై ఎనిమిదండీ. తాడేపల్లిగూడెంలో ఉద్యోగం. అమ్మాయి వాళ్ళది దెందులూరు, స్కూల్లో పని చేస్తోంది. ఇద్దరూ ఇష్టపడ్డారు. మీరొకసారి చూసి నాలుగు ముక్కలు రాసిచ్చారంటే వాళ్ళకి ధైర్యం. మీ చేతి చలవ మాకు తెలియనిదా?”

నా చేతి చలవ. వెటకారమేమోనని ముఖంలోకి చూశాను. కాదు, నిజంగానే అన్నారు.

“ఆ అమ్మాయికి చెప్పారాండీ?”

“ఏమిటండీ చెప్పేది?”

“పోనీ అబ్బాయికి?”

“మాస్టారూ, ఆనాడే చెప్పాను కదండీ, మూడూ మూడని. లేనిపోనివి చెప్పి పిల్లల మనసులు పాడుచెయ్యడం ఎందుకు?”

వాదించే ధైర్యం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పంచాంగం చంకన పెట్టుకుని లేచాను. “మంచి పని కదండీ, మీ ఇంట్లోనే కూర్చుని చూద్దాం పదండి.”

“మా ఇల్లంటే, తణుకాండీ?”

“కాదండీ, మీ తమ్ముడిగారిల్లు. రెండు వీధులే.”

నా దస్తూరీ కావాలి కాబట్టి వచ్చారు. అప్పటికి పన్నెండైంది. అక్కగారు పాపకి అన్నం మెదుపుతున్నారు. చెల్లెలు పోయాక ఆవిడే ఉండి చూసుకుంటున్నారు. “మీరు కాస్త నడుం వాల్చండమ్మా, ఇవాళ పెదనాన్నగారు పెడతారుట,” అన్నాను. ఆయన నావంక చూసేలోపల పాప ఆయనవంక చూసింది. ఇరవై ఏళ్ళ పిల్ల. ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోయింది, కళ్ళు మాత్రం తిరుగుతాయి. పెదవులు ఒక మాట కోసం బయల్దేరాయి.

“పె... ద...”

మేం ముగ్గురం నిలబడి ఉన్నాం.

“...నా... న్నా.”

ఆ మాట పూర్తయ్యేసరికి నిమిషం పట్టింది. ఆ నిమిషం ఆయన ఎటూ వెళ్ళలేకపోయారు. తర్వాత చెంచా తీసుకోక తప్పలేదు.

“అర చెంచానండీ,” అక్కగారు చెప్పారు. “గడ్డం కిందికి దించి పెట్టాలి. గొంతు కదిలి దిగేదాకా రెండోది పెట్టకండి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.”

నేను వరండాలో పంచాంగం తెరిచి కూర్చుని, ఆయన కొడుక్కి ఫోను చేశాను. మీ నాన్నగారు చెల్లికి అన్నం పెడుతున్నారోయ్, వచ్చి చూడు, అన్నాను.

“చెల్లి నన్ను గుర్తుపడుతుందాండీ? ఎవర్నీ గుర్తుపట్టదు, వెళ్ళి లాభం లేదని నాన్నగారు చెప్పేవారు.”

“ఇప్పుడే మీ నాన్నగార్ని గుర్తుపట్టింది.”

“అసలు తనకి ఏమిటండీ జబ్బు?”

“అది నేను చెప్పేది కాదు నాయనా. మీ నాన్నగారు ఇక్కడే ఉన్నారు, ఆయన్నే అడుగు.”

“రెండు గంటల్లో వస్తానండీ,” అన్నాడు.

లోపల్నుంచి మొదట్లో “ఊఁ, మింగమ్మా, మింగు,” అని గబగబా వినిపించింది. తర్వాత మాట్లాడడం మానేశారు. తర్వాత, చాలాసేపటికి, “తొందరేం లేదమ్మా,” అన్నారు. గంటా పది నిమిషాలు పట్టింది. బయటికి వచ్చేసరికి చొక్కా మీద పెరుగన్నం మెతుకులున్నాయి. దులుపుకోలేదు.

“ఎన్ని గుణాలు కుదిరాయండీ?”

“విప్పలేదండీ.”

“ఇంతసేపూ ఏం చేశారు మరి?”

“అబ్బాయికి ఫోను చేశాను. గూడెం నుంచి బయల్దేరాడు. చెల్లికి ఏమిటి జబ్బని అడుగుతున్నాడు. నేనేమీ చెప్పలేదండీ. మీరు చెప్పాలి. విన్నాక ఆ అమ్మాయికి అతను చెప్పాలి. విన్న తర్వాత కూడా ఇద్దరూ కావాలనుకుంటే, అప్పుడు ఈ కాగితాలు విప్పుతాను. అక్షింతలు కూడా నేనే వేస్తాను.”

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. వచ్చినప్పటికంటే పెద్దవారిలా కనిపించారు.

“మీరిలా చేస్తారనుకోలేదండీ.”

“నేనూ అనుకోలేదండీ.”

ఆయన చెప్పులవైపు చూశారు. నేను కుర్చీని ఈడ్చుకెళ్ళి వీధిగుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాను. “పాపకి ఇంకా మంచినీళ్ళు పట్టలేదండీ. అవీ చెంచాతోనే. ఇంకో అరగంట పడుతుంది.”

“కాస్త జరుగుతారాండీ,” అన్నారు.

“మోకాళ్ళండీ,” అన్నాను. “కూర్చుంటే ఒక పట్టాన లేవలేను.”

అబద్ధం. ఆ ఉదయమే కాలవగట్టు మీద మూడు మైళ్ళు నడిచొచ్చాను.

ఇంకోసారి అడిగారు. నేను పంచాంగంలో ఏదో ముఖ్యమైనది చదువుతున్నాను. మూడోసారి అడగలేదు. కొంచెంసేపటికి లోపల గదిలో, గ్లాసుకి చెంచా తగిలిన చప్పుడు వినిపించింది.